నా డైరీ నేను తప్ప ఎవరూ చదవకూడదు

ప్రశ్న: నాకు చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు ఉంది. డిగ్రీలో ఉండగా ఇంట్లో ఒకరు నా నోటుపుస్తకం తీసి చదివి, అందులోని మాటలను నలుగురి ముందు ఎత్తి చూపారు. ఆ తరువాత చాలా ఏళ్లు రాయలేకపోయాను. రెండేళ్ల క్రితం గూగుల్ డాక్స్‌లో మళ్లీ మొదలుపెట్టాను. కానీ అది ఏ పూట ఏ పని చేశానో చెప్పే చిట్టాలా ఉంటోంది. మనసులోది రాయబోతే చెయ్యి ఆగిపోతోంది. నాది ఆండ్రాయిడ్ ఫోను, దాని పిన్ ఇంట్లో అందరికీ తెలుసు. ల్యాప్‌టాప్ నేనూ మావారూ కలిసి వాడుకుంటాం. డైరీ కోసం ఏ యాప్ మంచిది? కంపెనీవాళ్లు మన రాతలు చదవగలరా? పాస్‌వర్డ్ మరిచిపోతే? నా తదనంతరం వాటి గతి ఏమిటి? మావారు మంచివారే, ఆయన దగ్గర దాచడం తప్పేమో అన్న బెరుకు కూడా ఉంది.
– ఒక పాఠకురాలు

సమాధానం:

మీ చివరి సందేహంతోనే మొదలుపెడతాను. అది తీరకపోతే ఏ యాప్ పెట్టుకున్నా మీ చెయ్యి ఆగుతూనే ఉంటుంది. డైరీని ఎవరికీ చూపకపోవడం తప్పు కాదు. భర్తకు తెలియవలసిన విషయాన్ని తెలియనివ్వకపోవడం వేరు, మీకే ఇంకా తేలని ఆలోచనను ఎవరి కంటా పడకుండా రాసుకోవడం వేరు. కోపంలో రాసిన నాలుగు వాక్యాలు మరునాటికి మీ అభిప్రాయం కాకపోవచ్చు. చదివినవారు మాత్రం మీ అసలు మనసు అదేననుకుంటారు. డిగ్రీ రోజుల్లో మీకు జరిగిన అన్యాయం అదే. కాబట్టి "నేను డైరీ రాసుకుంటున్నాను, అది నాకు మాత్రమే" అని ఆయనతో ఒకసారి మామూలుగా చెప్పండి. డైరీ ఉందన్న సంగతినే దాచబోతే ప్రతి పూటా దొంగచాటుగా రాయవలసి వస్తుంది. అలా రాసే అలవాటు ఎక్కువ కాలం నిలవదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. మీ ఉత్తరాన్ని బట్టి అది మీ పరిస్థితి కాదు, కానీ ఇది చదివేవారిలో కొందరిది కావచ్చు. ఫోనును ఎవరైనా పట్టుబట్టి తనిఖీ చేస్తున్నా, నిఘా యాప్ పెట్టారన్న అనుమానం ఉన్నా, ఆ ఫోనులో ఎంత మంచి డైరీ యాప్ అయినా పనికిరాదు. అలాంటి నిఘా యాప్‌లలో కొన్ని తెర మీద కనిపించేదాన్నీ, వేళ్లతో కొట్టే అక్షరాలనూ నేరుగా పట్టుకుంటాయి. యాప్ లోపల ఎన్ని తాళాలున్నా వాటికి అడ్డు కావు. అలాంటి ఇంట్లో ఉన్నవారు ఆ ఫోనులో ఏమీ రాయవద్దు. ముందు నమ్మదగిన మనిషి సాయం తీసుకోండి.

ఇక మీ రాత చిట్టాలా మారడం గురించి. మీకు రాయడం రాదని కాదు, ఎవరో చదువుతారన్న భయం మీ చేత చదవదగ్గవి మాత్రమే రాయిస్తోంది. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు విద్యార్థుల చేత వరసగా నాలుగు రాత్రులు, రాత్రికి పదిహేను నిమిషాల చొప్పున రాయించారు. కొందరు తమను గాయపరిచిన సంఘటనలను వివరాల వరకే రాశారు, కొందరు ఆవేదనను మాత్రమే రాశారు, కొందరు రెండూ కలిపి రాశారు. మామూలు విషయాలు రాసినవారూ ఉన్నారు. తరువాతి ఆరు నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువగా వెళ్లింది, జరిగినదాన్నీ దాని వెనుక బాధనూ కలిపి రాసినవారు. రాసిన వెంటనే మాత్రం వారి మనసు మరింత బరువెక్కింది. అది ఒక చిన్న ప్రయోగమే, దాన్ని మందుచీటీలా చూడకూడదు. కానీ మీ డైరీలో ఇప్పుడు లేని సగం ఏదో అది చెబుతోంది. ఆ సగం తిరిగి రావాలంటే భద్రత గురించి మీకు నిజమైన నిశ్చింత ఉండాలి. ఏదో ఒక యాప్ పేరు చెప్పి వదలకుండా ఇంత వివరంగా రాస్తున్నది అందుకే.

యాప్‌ల మాటకు వచ్చే ముందు, మీరు ఎవరి నుంచి దాచుకోవాలో తేల్చుకోవాలి. చాలామంది హ్యాకర్ల గురించే కంగారుపడతారు. నిజానికి డైరీ ఎక్కువగా పక్కగదిలోని మనిషి కంట పడుతుంది. పైగా మీకు తగిలిన దెబ్బ ఇంట్లోంచే తగిలింది. ఆ లెక్కన చూస్తే మీ ఇప్పటి ఏర్పాటు అన్నిటికంటే బలహీనమైనది. ఇద్దరూ వాడే ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో మీ గూగుల్ ఖాతా ఎప్పుడూ తెరిచే ఉంటుంది అనుకుంటాను. అప్పుడు డాక్స్ తెరిస్తే చాలు, ఈ మధ్య రాసినవన్నీ వరసగా ఎదుట కనిపిస్తాయి. వెతకాలన్న ఉద్దేశం లేనివారి కంటికి కూడా పడతాయి.

ఫోనులో దారులు ఇంకా ఎక్కువ. డైరీ యాప్‌కు వేలిముద్ర తాళం పెడితే, ఆ ఫోనులో నమోదైన ఏ వేలిముద్రకైనా అది తెరుచుకోవచ్చు. ఇంట్లో మరొకరి వేలిముద్ర కూడా అందులో ఉంటే ఆ తాళానికి అర్థం లేదు, కాబట్టి ఫోను పిన్‌తో సంబంధం లేని వేరే పాస్‌కోడ్ పెట్టుకోండి. రోజూ రాయమని గుర్తుచేసే నోటిఫికేషన్లు, "గత ఏడాది ఈ రోజు మీరు రాసింది" అంటూ మొదటి వాక్యం చూపించేవి, తెర తాళం వేసి ఉన్నా పైన కనిపిస్తాయి. వాటిని పూర్తిగా ఆపేయండి. యాప్ నుంచి బయటకు వచ్చాక కూడా ఈ మధ్య వాడిన యాప్‌ల వరసలో మీ పేజీ బొమ్మ చిన్నదిగా నిలిచి ఉంటుంది. మంచి యాప్‌లలో దాన్ని కప్పే అమరిక ఉంటుంది, అది పనిచేస్తోందో లేదో ఒకసారి చూసుకోండి. డైరీ కోసం తీసిన ఫోటో గ్యాలరీలో కూడా మిగిలిపోతుంది, అక్కడి నుంచి కుటుంబమంతా చూసే ఖాతాలోకి చేరవచ్చు. అందరూ మరిచిపోయేది కీబోర్డు. మీరు పదే పదే రాసే పేర్లనూ మాటలనూ అది నేర్చుకుంటుంది. రేపు మీ అబ్బాయో అమ్మాయో మీ ఫోనులో సందేశం టైపు చేస్తుంటే ఆ పేరును అదే పైకి అందిస్తుంది. కీబోర్డు సెట్టింగ్స్‌లో నేర్చుకున్న పదాలను తుడిచేసే వీలు ఉంటుంది, కొత్త పదాలు నేర్చుకోకుండా ఆపవచ్చు కూడా. మాట్లాడి రాయించే అలవాటు ఉంటే, డైరీ వరకు మానేయడమే మంచిది. ఆ మాటలు చాలా సందర్భాల్లో కంపెనీ సర్వర్‌కు వెళ్లి అక్షరాలుగా తిరిగి వస్తాయి.

ఆండ్రాయిడ్ 15 లేదా ఆ తరువాతిది ఉన్న ఫోన్లలో సాధారణంగా 'ప్రైవేట్ స్పేస్' ఉంటుంది. అందులో పెట్టిన యాప్‌లకు ఫోను పిన్ కాకుండా వేరే తాళం ఎంచుకోవచ్చు, అవి మామూలు జాబితాలో కనిపించవు. శాంసంగ్ ఫోన్లు చాలావాటిలో 'సెక్యూర్ ఫోల్డర్' అదే పని చేస్తుంది. పిన్ అందరికీ తెలిసిన మీ ఫోనుకు ఇది బాగా పనికొస్తుంది.

కంపెనీ చదవగలదా అన్నారు. ఇది ఆ యాప్ కట్టిన తీరును బట్టి ఉంటుంది. గూగుల్ డాక్స్, నోషన్, ఎవర్‌నోట్ వంటి నోట్ల యాప్‌లలో మీ రాత ప్రయాణంలోనూ సర్వర్ మీదా ఎన్‌క్రిప్ట్ అయ్యే (అంటే తాళంచెవి లేనిదే చదవలేని రూపంలో) ఉంటుంది, కానీ మామూలు వ్యక్తిగత ఖాతాలకు ఆ తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటుంది. రోజూ ఎవరో కూర్చుని చదువుతారని కాదు. చదవగల స్థితిలో ఉంటారు, అంతే. 2016 డిసెంబరులో ఎవర్‌నోట్ తన నిబంధనలు మారుస్తూ, యంత్రాలకు శిక్షణ ఇచ్చే పనిలో భాగంగా కొందరు ఉద్యోగులు వినియోగదారుల నోట్లను చూసే వీలుందని ప్రకటించింది. జనం భగ్గుమనడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. నిబంధన కాగితం మీద ఉంటుంది, కాగితాన్ని మార్చవచ్చు అన్నది ఇక్కడ గమనించాలి.

దీనికంటే ఎంతో దారుణమైనది ఫిన్లాండ్‌లో జరిగింది. వాస్తామో అనే మానసిక చికిత్స సంస్థ రికార్డులు దొంగల చేతిలో పడ్డాయని 2020 అక్టోబరులో బయటపడింది. 30 వేల మందికి పైగా మనుషులు తమ చికిత్సకుల దగ్గర విప్పి చెప్పుకున్న మాటల తాలూకు నోట్లు అవి. ఎన్‌క్రిప్ట్ చేయకుండా ఉంచారు. దొంగ సంస్థను బెదిరించడంతో ఆగలేదు, బాధితులకు ఒక్కొక్కరికీ విడిగా రాసి డబ్బు అడిగాడు. మనసులోని మాటను ఇంకొకరి దగ్గర, వారి తాళంచెవితో దాచితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అవసరం లేదు. అందుకే ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను: డైరీ ఇంటర్నెట్ మీదుగా మరో పరికరానికి వెళ్లేటట్లయితే దానికి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉండి తీరాలి. అంటే మీ రాత మీ ఫోనులోనే తాళం పడి బయటకు వెళుతుంది, తాళంచెవి సాధారణంగా మీ పాస్‌వర్డ్ నుంచే పుడుతుంది, కంపెనీ సర్వర్ మీద ఉండేది అర్థం కాని అక్షరాల కుప్ప. అక్కడ దొంగలు పడినా వారికి దొరికేది అదే.

చాలా డైరీ యాప్‌ల ప్రకటనల్లో "పాస్‌వర్డ్ రక్షణ" అని మాత్రమే ఉంటుంది. ఇది వేరు, ఎన్‌క్రిప్షన్ వేరు. తెరవబోతే పిన్ అడిగినా, లోపల ఫైలును మామూలుగానే ఉంచే యాప్‌లు ఉన్నాయి. అది గోడలు కట్టకుండా వాకిలికి తాళం వేయడమే. ఇంట్లో కుతూహలంగా చూసేవారిని ఆపడానికి ఆ పిన్ చాలు, కంపెనీని గానీ దొంగను గానీ ఆపదు. అలాగే మీ రోజును చదివి సారాంశమో సలహానో చెబుతామనే కృత్రిమ మేధ సదుపాయాలున్న యాప్‌లు ఇప్పుడు చాలా వస్తున్నాయి. ఆ పని ఫోను లోపలే జరుగుతుందని స్పష్టంగా చెప్పకపోతే, మీ రాత చదవగలిగే రూపంలో వారి సర్వర్‌కు వెళుతోందనే అనుకోండి. మీవంటివారికి ఆ సదుపాయం వద్దని నా గట్టి అభిప్రాయం. మళ్లీ ఒక పాఠకుణ్ణి మీ పక్కన కూర్చోబెట్టినట్లవుతుంది.

ఇక పేర్లు. మీ పరిస్థితికి నేను సూచించేది స్టాండర్డ్ నోట్స్ అనే నోట్ల యాప్. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉచిత ఖాతాకు కూడా ఉంది. ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ యాప్‌కు విడిగా పాస్‌కోడ్ పెట్టుకోవచ్చు. దాని సోర్స్ కోడ్ (యాప్‌ను నడిపే ప్రోగ్రాము రాత) ఎవరైనా చూడగలిగేలా బయటే ఉంది. ఎన్‌క్రిప్షన్‌తో కూడిన ఈమెయిల్ సేవకు పేరున్న ప్రోటాన్ గొడుగు కిందకు 2024లో చేరింది. లోపాలూ చెప్పాలి. చూడటానికి చప్పగా ఉంటుంది. ఉచిత ఖాతాలో సాదా అక్షరాలే తప్ప ఫోటోలు, రంగులు, అలంకారాలు ఉండవు. మీరు కోల్పోయింది వాక్యం గనుక ఈ సాదాతనం మీకు మేలే చేస్తుందని నా నమ్మకం. మరీ బోసిగా అనిపిస్తే నోట్స్‌నూక్ చూడండి. అదీ ఎన్‌క్రిప్షన్ విషయంలో ఇదే దారి, రాతను తీర్చిదిద్దే సౌకర్యాలు కాస్త ఎక్కువ.

డైరీ కోసమే పుట్టిన యాప్‌లలో డే వన్ అందంగా ఉంటుంది. తేదీ, ఫోటో, వాతావరణం అన్నీ తనే సర్దుతుంది. 2017లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ తెచ్చింది, 2021లో వర్డ్‌ప్రెస్.కామ్ నడిపే ఆటొమాటిక్ (Automattic) అనే సంస్థ దాన్ని కొన్నది. డబ్బు కట్టడానికి సిద్ధమై, ఫోటోలు ముఖ్యమనుకునేవారికి అది సరిపోతుంది. ఐఫోను ఉన్నవారికి 2023 డిసెంబరులో యాపిల్ ఇచ్చిన జర్నల్ యాప్ ఉంది, మీది ఆండ్రాయిడ్ గనుక ఆ ప్రస్తావన ఇంతటితో సరి.

జాప్లిన్, అబ్సిడియన్ అనే నోట్ల యాప్‌లు రెండూ నాకు ఎంతో ఇష్టమైనవి. రాతలు మీ కంప్యూటర్‌లోనే ఉంటాయి, అబ్సిడియన్‌లోనైతే ఏ యాప్‌తోనైనా తెరవగల మామూలు ఫైళ్లుగానే ఉంటాయి. కంపెనీ రేపు మూతపడినా మీ డైరీకి ఏమీ కాదు. కానీ ఆ గుణమే మీ ఇంట్లో దోషం. ఆ ల్యాప్‌టాప్‌లో మీ ఖాతాతోనే అందరూ పనిచేస్తుంటే, ఆ ఫైళ్లను తెరవడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. ల్యాప్‌టాప్ మీ ఒక్కరిదైనప్పుడు వీటి గురించి మళ్లీ ఆలోచించండి. ప్రస్తుతానికి ఫోనులోనే రాయండి. పెద్ద తెర కావాలనిపిస్తే ల్యాప్‌టాప్‌లో మీ పేరుతో వేరే యూజర్ ఖాతా తెరుచుకోండి, బ్రౌజర్ "పాస్‌వర్డ్ గుర్తుంచుకోమంటారా" అని అడిగితే వద్దనండి.

పాస్‌వర్డ్ మరిచిపోతే ఏమవుతుందన్నారు. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ నిజంగా ఉంటే జవాబు కఠినంగానే ఉంటుంది: రాతలు పోతాయి. కంపెనీకి తాళంచెవి లేదు కాబట్టి తెరిచి ఇవ్వలేదు. "మరిచిపోయినా ఫర్వాలేదు, ఈమెయిల్‌తో మార్చుకుని పాత రాతలన్నీ చూసుకోవచ్చు" అని ఏ యాప్ అయినా అంటే, ఇంకో తాళంచెవి వారి దగ్గర ఉన్నట్లే. కాబట్టి మరిచిపోకుండా ఉండే ఏర్పాటు మీరే చేసుకోవాలి. పుట్టినరోజులు, పిల్లల పేర్లు, ఇష్టమైన పాట పల్లవి వద్దు, ఇంట్లోవారు మొదట ప్రయత్నించేవి అవే. పొంతన లేని ఆరు మాటలు ఏరుకోండి. ఇది పాత పద్ధతే. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ రూపొందించిన డైస్‌వేర్‌లో 7,776 మాటల జాబితా ఉంటుంది, పాచికను ఐదుసార్లు వేసి వచ్చిన అంకెలను బట్టి ఒక్కో మాట తీసుకుంటారు. మాటలను మనసు కాకుండా పాచిక ఎంచుతుంది గనుక మిమ్మల్ని ఎంత దగ్గరగా ఎరిగినవారైనా ఊహించలేరు. పాచిక లేకపోతే నిఘంటువును కళ్లు మూసుకుని అక్కడక్కడా తెరిచి వేలు పెట్టిన మాట తీసుకోండి. దాన్ని కాగితం మీద రాసి, ఇంటి బయట మీరు నమ్మే చోట ఉంచండి. ఆ కాగితం మీద అది దేని పాస్‌వర్డో రాయవద్దు. మొదటి కొన్ని వారాలు రోజుకు ఒకసారి దాన్ని పూర్తిగా టైపు చేస్తే వేళ్లకే గుర్తుండిపోతుంది.

ఒక చోట మార్చింది అన్ని పరికరాల్లో మారడాన్ని చాలామంది బ్యాకప్ అనుకుంటారు. కాదు. ఫోనులో పొరపాటున తుడిచేస్తే అన్నిచోట్లా తుడిచిపోతుంది. నెలకొకసారి యాప్‌లోంచి రాతలన్నిటినీ బయటకు తీసి పెన్‌డ్రైవ్‌లో దాచండి. స్టాండర్డ్ నోట్స్ ఎన్‌క్రిప్ట్ చేసిన ప్రతినీ, మామూలు ప్రతినీ రెండింటినీ ఇస్తుంది. మామూలు ప్రతి ల్యాప్‌టాప్ డౌన్‌లోడ్స్‌లో పడి ఉంటే ఇంత శ్రమా వృథా, కాబట్టి ఎన్‌క్రిప్ట్ చేసినదే తీసుకోండి. కొత్త యాప్‌లో ఒక వారం అంత ముఖ్యం కాని విషయాలు రాసి, బయటకు తీసి, వేరే చోట తెరిచి చూడండి. తెలుగు అక్షరాలు, ఒత్తులు, తేదీలు చెక్కుచెదరకుండా వచ్చాయా? రాకపోతే ఆ యాప్ వద్దు. యూనికోడ్ (అన్ని పరికరాలకూ ఒకే అక్షర పద్ధతి) వాడకం పెరగకముందు రకరకాల ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఫైళ్లు ఈ రోజు తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల గందరగోళంగా కనిపించడం మనలో చాలామందికి అనుభవమే. కంపెనీల మాట కూడా అలాగే ఎప్పటికప్పుడు మారుతుంది. ఎవర్‌నోట్ 2023 చివరలో ఉచిత ఖాతాకు 50 నోట్ల పరిమితి పెట్టింది. ఏళ్ల తరబడి అక్కడే రాసినవారు ఉన్నట్టుండి డబ్బైనా కట్టాలి, వేరే చోటైనా వెతుక్కోవాలి.

ఇన్నాళ్లూ డాక్స్‌లో రాసినదాన్ని తొందరపడి తుడిచేయకండి. చిట్టాలా ఉన్నా అవి మీ రెండేళ్లు. గూగుల్ టేకవుట్ (మన సమాచారాన్ని ఒకేసారి దించుకునే గూగుల్ సదుపాయం) ద్వారా గానీ, ఒక్కో పత్రంగా గానీ దించుకుని, కొత్త చోట చేర్చి, తేదీలన్నీ సరిపోయాయో చూసుకోండి. ఆ తరువాతే డాక్స్ పత్రాలు దాచి ఉండే గూగుల్ డ్రైవ్‌లోంచి తీసేయండి. అక్కడ తీసేసినవి చెత్తబుట్టలో 30 రోజులు ఉంటాయి గనుక దాన్ని కూడా ఖాళీ చేయాలి. ల్యాప్‌టాప్ డౌన్‌లోడ్స్‌లో దించుకున్న ప్రతి మిగిలిందేమో అప్పుడే చూడండి.

మీ తదనంతరం సంగతి. ఎవరూ చదవకూడదనుకుంటే మీరు ప్రత్యేకంగా చేయవలసింది ఏమీ లేదు. పాస్‌వర్డ్ మీతోనే ఉంటే రాతలు ఎవరికీ తెరుచుకోవు. కాకపోతే పాస్‌వర్డ్ రాసిన కాగితం ఎవరి చేతికి చేరుతుందో ఆలోచించి పెట్టండి. గూగుల్ ఖాతా వరకు 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్' అనే అమరిక ఉంది. మీరు కొంతకాలం ఖాతా వాడకపోతే అందులోని సమాచారాన్ని ఎవరికి ఇవ్వాలో, లేక మొత్తం చెరిపేయాలో ముందే చెప్పి ఉంచవచ్చు. పాత డైరీ ప్రతులు డ్రైవ్‌లో ఇంకా ఉండగా అక్కడ మీవారి పేరు ఇచ్చి ఉంటే అవి ఆయనకు చేరుతాయి, కాబట్టి ఆ సెట్టింగ్ ఈ రోజే ఒకసారి తెరిచి చూడండి. కొన్ని పేజీలు మాత్రం మీ పిల్లలకు అందాలనిపిస్తే, డైరీ మొత్తం పాస్‌వర్డ్ ఇవ్వనక్కర్లేదు. ఆ పేజీలను విడిగా అచ్చు తీసి, కవరులో పెట్టి, మీ ముఖ్యమైన కాగితాల మధ్య ఉంచండి. ఏవి ఇవ్వాలో ఇప్పుడే తేల్చుకోనవసరం లేదు, ముందు రాయండి.